ఎఫ్‌ఎల్‌పీ ప్లేట్ ఉంటే సేఫేనా? పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ఇంజినీర్లు అడగాల్సిన అసలు ప్రశ్నలు ఇవే..

పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి.. సంగారెడ్డి జిల్లాలో ఏ పారిశ్రామికవాడకు వెళ్లినా కెమికల్, ఫార్మా యూనిట్లలో ఒకే రకం లైట్లు, స్విచ్ బాక్సులు కనిపిస్తాయి. మందపాటి లోహపు డబ్బా, చుట్టూ వరుసగా బోల్టులు, మీద ఓ చిన్న ప్లేట్. ఫ్యాక్టరీ భాషలో వీటినే ఎఫ్‌ఎల్‌పీ, అంటే ఫ్లేమ్‌ప్రూఫ్ అంటారు. మామూలు బాక్సుల కంటే వీటి ధర చాలా ఎక్కువ. సర్టిఫికెట్ ఫైల్‌లో ఉంటుంది, ప్లేట్ బాక్స్ మీద ఉంటుంది. ఇంకేం, అంతా సేఫ్ అనుకుంటారు. కానీ కొన్న రోజు ఉన్న భద్రత ఇవాళ కూడా ఉందా? అసలు ప్రశ్న ఇదే.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకంటే..

2025 జూన్ 30, సోమవారం ఉదయం. పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో భారీ పేలుడు జరిగి భవనం కుప్పకూలింది. 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది పొట్టచేత పట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మాత్రల తయారీలో వాడే తెల్లటి పొడి. అంతకుముందు ఏడాది, 2024 ఏప్రిల్ 3న హత్నూర మండలం చందాపూర్‌లోని ఎస్‌బీ ఆర్గానిక్స్‌లో జరిగిన పేలుడులోనూ ప్రాణనష్టం జరిగింది.

ఈ ప్రమాదాలకు ఎలక్ట్రికల్ లోపమే కారణమని చెప్పడం ఈ కథనం ఉద్దేశం కాదు. అయితే సాల్వెంట్ ఆవిరి, సన్నటి పొడి ఉండే చోట చిన్న నిప్పురవ్వ ఎంత పని చేయగలదో ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ నిప్పురవ్వ కరెంటు పరికరం నుంచి రాకుండా చూడటం మెయింటెనెన్స్ ఇంజినీర్ చేతిలో ఉన్న పని.

ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్స్ ఎలా పనిచేస్తుంది?

చాలామంది అనుకునేది ఏంటంటే, ఈ బాక్స్‌లోకి గ్యాస్ వెళ్లదు, అందుకే సేఫ్ అని. నిజం దీనికి రివర్స్‌లో ఉంటుంది. గ్యాస్ లోపలికి వెళ్తుంది. లోపల స్విచ్ పడినప్పుడు స్పార్క్ వచ్చి ఆ గ్యాస్ అంటుకోవచ్చు కూడా. ఆ చిన్న పేలుడును బాక్స్ తట్టుకుంటుంది. మంట బయటికి వచ్చే దారిలో, మూతకీ బాక్స్‌కీ మధ్య మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే సందు ఉంటుంది. వేడి వాయువులు ఆ సన్నటి సందులోంచి బయటికి వచ్చేసరికి చల్లబడిపోతాయి. దాంతో బయట ఉన్న గ్యాస్ అంటుకోదు. ఈ సందునే ఫ్లేమ్ పాత్ అంటారు.

అంటే మొత్తం రక్షణ ఆ సందు మీదే ఆధారపడి ఉంది. రిపేర్ కోసం మూత తీసి, పన్నెండు బోల్టుల్లో పదే బిగించారనుకోండి. లేదా మూత రాలేదని స్క్రూడ్రైవర్ పెట్టి పైకి లేపితే అంచు మీద గీత పడిందనుకోండి. నీళ్లు కారుతున్నాయని ఎవరో గ్యాస్కెట్ వేశారనుకోండి. కేబుల్ తీసేసిన రంధ్రాన్ని టేప్‌తో మూసేశారనుకోండి. ప్లేట్ అలాగే ఉంటుంది, సర్టిఫికెట్ అలాగే ఉంటుంది. కానీ అది ఇక ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు. ఉత్త బరువైన డబ్బా మాత్రమే.

వెదర్‌ప్రూఫ్ వేరు.. ఫ్లేమ్‌ప్రూఫ్ వేరు

ఐపీ65 అని రాసి ఉంది కదా, సరిపోదా? పర్చేజ్ విభాగం నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. సరిపోదు. ఐపీ నంబర్ చెప్పేది దుమ్ము, నీళ్లు లోపలికి వెళ్లకుండా ఎంతవరకు ఆపుతుందో మాత్రమే. లోపల పేలుడు జరిగితే తట్టుకుంటుందా, పైభాగం ఎంత వేడెక్కుతుంది అన్నది ఐపీ నంబర్ చెప్పదు. చూడటానికి రెండు బాక్సులూ ఒకేలా ఉన్నా, చేసే పని పూర్తిగా వేరు.

ప్లేట్ మీద కోడ్ చదవడం వచ్చా?

ఎఫ్‌ఎల్‌పీ అని రాసి ఉంటే చాలదు. ఏ గ్యాస్‌కి, ఎంత ఉష్ణోగ్రతకి అన్నది కూడా చూడాలి. గ్యాస్‌లను మూడు గ్రూపులుగా విడగొట్టారు. మిథనాల్, అసిటోన్, టోలున్ లాంటివి టూ-ఏ గ్రూపు. ఇథిలీన్, టీహెచ్‌ఎఫ్ లాంటివి టూ-బీ. హైడ్రోజన్, ఎసిటిలీన్ టూ-సీ. హైడ్రోజన్ చాలా సన్నటి సందులోంచి కూడా మంటను బయటికి తీసుకురాగలదు. అందుకే హైడ్రోజినేషన్ జరిగే గదిలో టూ-బీ బాక్స్ పెడితే, అది ఎఫ్‌ఎల్‌పీ అయినా ఉపయోగం లేదు. పై గ్రూపుది కింది గ్రూపు చోట వాడొచ్చు. కింది గ్రూపుది పై చోట వాడకూడదు.

తర్వాత టీ నంబర్. టీ3 అంటే పరికరం పైభాగం 200 డిగ్రీల సెల్సియస్ దాటదు. టీ4 అయితే 135, టీ6 అయితే 85. నంబర్ పెరిగేకొద్దీ వేడి తగ్గుతుంది. అక్కడ వాడే సాల్వెంట్ ఎన్ని డిగ్రీల దగ్గర తనంతట తాను అంటుకుంటుందో దాన్ని బట్టి టీ క్లాస్ ఎంచుకోవాలి.

ఇక్కడో చిక్కు ఉంది. ఫ్యాక్టరీలో ప్రొడక్ట్ మారినప్పుడు సాల్వెంట్ మారుతుంది. లైట్లు, మోటార్లు మాత్రం పాతవే ఉంటాయి. ఐదేళ్ల కింద ఒక సాల్వెంట్‌కి సరిపడా కొన్న పరికరం కొత్త సాల్వెంట్‌కి సరిపోతుందో లేదో ఎవరో ఒకరు మళ్లీ చూడాలి. ఆ "ఎవరో ఒకరు" ఎవరన్నది రాతపూర్వకంగా లేకపోతే ఎవరూ చూడరు.

పొడి ఉన్న చోట లెక్క మారుతుంది

గ్యాస్ ప్రాంతాలను జోన్ 0, 1, 2 అంటారు. పొడి ఉండే ప్రాంతాలకు జోన్ 20, 21, 22 అని వేరే వర్గీకరణ ఉంది. గ్యాస్‌కి మాత్రమే పాసైన ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్స్‌ను పొడికి కూడా సరిపోతుందని లెక్కేయడానికి లేదు. పొడి చోట కావాల్సింది లోపలికి పొడి వెళ్లకుండా ఆపేది, పైభాగం వేడెక్కకుండా ఉండేది. దానికి ప్లేట్ మీద విడిగా మార్కింగ్ ఉండాలి.

పొడితో ఇంకో ప్రమాదం పేరుకుపోవడం. మోటారు మీద పొడి పొరలా పేరుకుంటే దుప్పటి కప్పినట్లే. వేడి బయటికి పోదు. పొర మందం పెరిగేకొద్దీ తక్కువ వేడికే రాజుకుంటుంది. ఇక చిన్న పేలుడు జరిగితే, దాని తాకిడికి దూలాల మీద, కేబుల్ ట్రేల మీద పేరుకున్న పొడంతా ఒక్కసారిగా గాల్లోకి లేస్తుంది. దానికి మంట తగిలితే రెండో పేలుడు. సాధారణంగా భవనాలను కూల్చేది ఈ రెండోదే. కాబట్టి జోన్ 21లో చీపురు, వాక్యూమ్ క్లీనర్ కూడా ఎలక్ట్రికల్ సేఫ్టీలో భాగమే.

ఐఎస్‌ఐ, పెసో, సీఈ.. ఏది దేనికి?

వైర్లు, కేబుళ్లు, స్విచ్‌లు, ఎంసీబీల వంటి వాటికి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. మార్కు కింద ఉండే సీఎం/ఎల్ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్స్ ఎవరిదో, అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. పవర్ అడాప్టర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్ల వంటి వాటికి ఆర్ నంబర్ ఉంటుంది. అదీ అదే యాప్‌లో చూడొచ్చు.

పెట్రోలియం తరగతి ద్రవాలు నిల్వ చేసే, వాడే ప్రమాదకర ప్రాంతాల్లో పెట్టే ఎలక్ట్రికల్ పరికరాలకు నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెసో ఆమోదం ఉండాలి. ఈ పరికరాలను పరీక్షించే ల్యాబ్‌లలో ధన్‌బాద్‌లోని సీఐఎంఎఫ్‌ఆర్ ఒకటి.

మరి సీఈ మార్కు? అది ఐరోపా మార్కెట్ కోసం. చాలా వస్తువులకు తయారీదారే సొంతంగా ప్రకటించుకుని వేసుకునే ముద్ర అది. మన దగ్గర ఐఎస్‌ఐకి గానీ, పెసో ఆమోదానికి గానీ సీఈ బదులు కాదు.

రివైండింగ్ తర్వాత ఆ మోటారు ఏమైంది?

మోటారు కాలిపోతుంది. బయట షాపులో రివైండింగ్ చేయించి సాయంత్రానికి బిగించేస్తారు. తిరుగుతుంది కూడా. కానీ ఫ్లేమ్ పాత్ కొలతలు చూశారా? పాత రంగు పోవడానికి అంచులను గీకారా? బేరింగ్ మార్చాక షాఫ్ట్ దగ్గర సందు సరిగ్గా ఉందా? ఇలాంటి మోటార్ల రిపేర్‌కి ఐఎస్/ఐఈసీ 60079లో 19వ భాగం, తనిఖీకి 17వ భాగం ప్రత్యేకంగా ఉన్నాయి. కొత్తగా వీఎఫ్‌డీ పెట్టి మోటారు స్పీడ్ తగ్గించి నడిపితే, ఫ్యాన్ గాలి తగ్గి వేడి పెరుగుతుంది. అలా నడపడానికి సర్టిఫికెట్ ఒప్పుకుంటుందో లేదో కూడా చూడాల్సిందే.

సంతకం ఎవరిది?

పేలుడు స్వభావం ఉన్న ధూళి, గ్యాస్ ఉన్న చోట నిప్పు పుట్టించే ప్రతి దాన్నీ తొలగించాలి లేదా పూర్తిగా మూసి ఉంచాలని 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 37 ఎప్పుడో చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. చట్టం పేరు మారినా కార్మికుడి ప్రాణం కాపాడాల్సిన బాధ్యత మారదు.

రాత్రి షిఫ్ట్‌లో బ్యాచ్ ఆగిపోతే, ముందు లైన్ నడపండి, బోల్టులు రేపు చూద్దాం అనే ఒత్తిడి ఇంజినీర్ మీద ఉంటుంది. అప్పుడు పనికొచ్చేది నోటి మాట కాదు, రాసి పెట్టిన పేపర్. లైన్ మళ్లీ స్టార్ట్ చేసే ముందు ఈ ఐదు చూసుకుంటే చాలావరకు ప్రమాదం తప్పుతుంది.

- అన్ని బోల్టులూ ఉన్నాయా, అవి సరైన రకమేనా?
- వాడని ప్రతి రంధ్రానికీ సర్టిఫైడ్ ప్లగ్ ఉందా? కేబుల్ గ్లాండ్ సరైన సైజేనా?
- ప్లేట్ మీద గ్రూపు, టీ క్లాస్ ఇప్పుడు వాడుతున్న సాల్వెంట్‌కి లేదా పొడికి సరిపోతున్నాయా?
- ఎర్తింగ్ కనెక్షన్ గట్టిగా ఉందా, తుప్పు పట్టిందా?
- చివరిసారి మూత తీసింది ఎవరు, ఎప్పుడు? రికార్డు ఉందా?

చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే, మొదటి నాలుగింటికీ మళ్లీ మొదటి నుంచి జవాబు వెతకాల్సిందే. ఎందుకంటే ప్లేట్ చెప్పేది ఆ బాక్స్ ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చిన రోజు సంగతి. ఇవాళ్టి సంగతి చెప్పాల్సింది, చివరిసారి మూత బిగించిన మనిషే.