చేనికంచె: నాఁడు, నేఁడు

గ్రామపెద్దలారా! పైరు పెట్టుట యెంత పనియో, దానిని కాచుకొనుటయు నంత పనియే. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో కంచెల తీరు మన కన్నులయెదుటనే మారుచున్నది. ఈ మార్పువలన మనకు దక్కినదేమి, పోయినదేమి యని నేఁడు విచారింతము.

కంచెలు ముఖ్యముగా రెండు విధములు: ఎండుకంచె, పచ్చికంచె. రేగుకంప, తుమ్మకంప కొట్టి, పంగలకఱ్ఱతో నదిమి గట్టుమీఁద పేర్చునది ఎండుకంచె. దానిని చెదలు తినును, వానకు చివుకును. కావున ఏటేట తొలకరికి ముందు సవరింపవలసినదే. పచ్చికంచె నాటిన పిమ్మట తానే పెరుగును. గచ్చతీఁగ తన ముండ్లతో పశువును నిలుపును. కిత్తనార కంచెయు నగును, పగ్గములకు నారయు నిచ్చును. వావిలికి ముండ్లు లేవు. అయినను దాని చేదాకును మేఁక ముట్టదు. ఒంటినొప్పులకు వావిలాకు వేసి కాఁచిన నీటి స్నానము మీ రెఱిఁగినదే.

అయితే ప్రతి పచ్చికంచెయు మేలుచేయునది కాదు. నాగజెముడు ఒకప్పుడు దక్షిణదేశమున పొలములనే కప్పివేసెను; 1926లో సింహళమునుండి తెప్పించిన యొక పురుగు దానిని చాలవఱకు హరించెను. 1877 ప్రాంతమున కడప జిల్లాలో ప్రవేశపెట్టిన సర్కారుతుమ్మ నేఁడు బీళ్లకును చెఱువు శిఖములకును ప్రాకినది. పశువులు దాని కాయలు తిని, పేడతో విత్తులు వెదజల్లుటయే యిందులకు కారణము.

పూర్వము ఇరుగుపొరుగు రైతులు కలిసి కంచె సవరించుకొనెడివారు. గట్టెవరిది, హద్దెచ్చట నను మాట యానాఁడే తేలిపోయెడిది. నఱకిన కొమ్మలు పొయ్యిలోనికి వచ్చెడివి. ఇప్పుడు వంటకు గ్యాసు వచ్చినది, కూలి పెరిగినది, కంప కొట్టువారు తగ్గిరి. నగరముచుట్టు 158 కిలోమీటర్ల వలయరహదారి యేర్పడిన పిదప భూముల వెల హెచ్చి, అనాబ్‌షాహి ద్రాక్ష పండిన తోఁటలు సైతము ఇంటిస్థలములైనవి. రాతికడీలు, ముళ్ళతీఁగ, సిమెంటుపలకల గోడలు లేచినవి. ఏటేటి శ్రమ తప్పినమాట నిజమే. కాని గోడ పిట్టకు గూడియ్యదు, తేనెటీఁగకు పువ్వియ్యదు, ఇరువురు రైతులను ఒకచోట నిలుపదు.

గోడలు వలదనుట నా యుద్దేశము కాదు. తీఁగ వేసినవారు దానివెంబడి వానకాలమున వావిలి కొమ్మలు నాటి, ఏటేట కత్తిరించుచుండవచ్చును. ఇంకొక పని మీరే చేయఁగలరు. పాతకంచెలు పోకమునుపే పిల్లలను వెంటఁబెట్టుకొని గట్టువెంబడి నడచి, హద్దురాళ్లను, గట్టుచెట్లను చూపుఁడు. కంచెను పెకలించుటకు యంత్రమునకు ఒక్క పూట చాలును. హద్దెఱిఁగినవారు లేనినాఁడు తగవు తీరుటకు ఏండ్లు పట్టును.