రాగిరేకుల మీద లేని స్వరం: రాళ్ళపల్లి చెవి ఎక్కడ తయారైంది?

అన్నమాచార్యుల రాగిరేకుల మీద పాట ఉంటుంది, పైన రాగం పేరు ఉంటుంది. స్వరం మాత్రం ఉండదు. కొండమలహరి వంటి కొన్ని రాగాలైతే నేటి కచేరీల్లో వినపడవు. మరి ఇవాళ ‘అన్నమయ్య పాట’ అని మనం వింటున్న వరసలు ఎవరివి? వాటిలో తొలి తరానికి చెందినవి వందకు పైగా, కచేరీలు బతుకుతెరువు కాని ఒక తెలుగు పండితుడు కట్టినవి. ఆయన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ.

1893లో అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టారు. తల్లి దగ్గర పాట, తండ్రి దగ్గర సంస్కృతాంధ్రాలు అబ్బాయి. అప్పటికి ఆరేళ్ళ క్రితమే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘చిత్రనళీయం’ ఆడించారు. తెలుగు నాటకంలో పాటకు పెద్దపీట వేసిన మనిషి ఆయన. సీమలో మామూలు జనం చెవికి రాగం చేరింది కచేరీల కన్నా నాటకం వల్లే ఎక్కువ.

శర్మ చదువు మైసూరు పరకాల మఠంలో సాగింది. కట్టమంచి రామలింగారెడ్డి కంట పడటంతో మహారాజా కళాశాలలో తెలుగు పండితులయ్యారు. దాదాపు 38 ఏళ్ళు అక్కడే. పగలు పాఠం, తీరికవేళ సంగీతం. చౌడయ్యకు గురువైన బిడారం కృష్ణప్ప దగ్గర ఆయన సాధన చేశారు. ఆ మైసూరులో నాటకం రాజాస్థానం పెంచిన కళ. బసవప్ప శాస్త్రి కన్నడ శాకుంతలం పుట్టింది ఆ ఆస్థాన నాటక కంపెనీ కోసమే.

శర్మ వేదికెక్కి పేరు తెచ్చుకున్న నటుడు కాదు. నాటకం ఆయనకు ఆలోచన. ‘నాటకోపన్యాసములు’ పేరుతో ఒక పుస్తకమే వెలువరించారు. అంతకన్నా ఆసక్తికరమైన సాక్ష్యం ‘నిగమశర్మ అక్క’ వ్యాసం. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో ఆ అక్కకు పేరు కూడా లేదు. దారి తప్పిన తమ్ముడికి బుద్ధి చెప్పడానికి పుట్టింటికి వస్తుంది. అతను ఇంట్లో నగలు మూటగట్టుకుని పారిపోతాడు. కథలో ఆమె పని అంతే. శర్మ ఆమెను పాత్రగా నిలబెట్టారు: ఎలా వచ్చింది, ఏ మాట ఏ గొంతుతో అన్నది, ఆ మాటలో ప్రేమ ఎంత, పుట్టింటి పరువు ఎంత. పద్యాన్ని ఆయన కంటితో కన్నా చెవితో ఎక్కువ చదివారనిపిస్తుంది.

నాటకం, పాట, ఆట వేరువేరు శాఖలన్న లెక్క మనది, మన విశ్వవిద్యాలయాలది. పాత లక్షణకర్తలకు అవి ఒకే ఇంటి గదులు. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన ‘నృత్తరత్నావళి’ని తెలుగు చేసింది శర్మే. సాహిత్యం, సంగీతం, నాట్యం మూడూ తెలిస్తే తప్ప ఒక్క అధ్యాయం కూడా కదలని పుస్తకమది.

1950లో వేటూరి ప్రభాకరశాస్త్రి కన్నుమూశాక తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనల పని శర్మ చేతికి వచ్చింది. పాఠాలు పరిష్కరించారు, స్వరపరిచి ప్రకటించారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. రేకు మీద ఉన్న రాగం పేరు పదిహేనో శతాబ్దంలో ఎలా పలికేదో చెప్పే ఆధారం లేదు. కాబట్టి ఈ వరసలు పునరుద్ధరణ కాదు, కొత్త రచన. శృంగార సంకీర్తనల్లో చాలావాటిలో మాట్లాడేది నాయికో, చెలికత్తెో, అలిగిన అమ్మవారో. మాట్లాడేది ఎవరో పట్టుకోనిదే వరస కుదరదు. నిగమశర్మ అక్క గొంతు విన్న విమర్శకుడికి ఆ పని దక్కడం పాటల అదృష్టం.

1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. 1979లో కన్నుమూశారు. ఆయన తర్వాత ఎందరో అన్నమయ్యకు వరసలు కట్టారు. కచేరీలో త్యాగరాజ కృతికి రాగం, తాళం చెబితే సరిపోతుంది. అన్నమయ్య పాటకు మూడో పేరు కూడా చెప్పాలి, వరస కట్టినవారిది. చాలా వేదికల మీద ఆ పేరు ఇంకా వినపడటం లేదు.