పొలిమేరలో ముళ్లకంప

శార్వరి నామ సంవత్సర ఉగాది 2020 మార్చి 25న వచ్చింది. ముందు రోజు రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టెలివిజన్‌లో మాట్లాడి, ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజుల పాటు దేశంలో ఎవరూ ఇల్లు కదలరాదని చెప్పారు. తెల్లవారితే పండుగ. గుళ్లో పంచాంగ శ్రవణానికి జనం చేరలేదు. పచ్చడి తిన్న చేతులతోనే, ఆ రోజో మర్నాడో, శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్ల కుర్రాళ్లు కత్తులు పట్టుకొని చెరువు గట్ల మీది తుమ్మ చెట్లపై పడ్డారు. నరికిన కంపను ఈడ్చుకొచ్చి ఊళ్లోకి వచ్చే దారికి అడ్డంగా వేశారు. కంప దొరకని చోట తాటిదుంగలు, పాత బండిచక్రాలు వేశారు. బయటివారు రారాదని అట్టముక్క మీద రాసి కర్రకు కట్టారు.

అప్పటికి మన జిల్లాలో ఒక్క కరోనా కేసు కూడా లేదు. ఏప్రిల్ నాలుగో వారం దాకా లేదు. మొదటి కేసులు పాతపట్నం మండలంలో బయటపడేసరికి కంప ఎండి నెలరోజులయింది.

ఈ కంప వేయమని ఏ అధికారీ ఉత్తర్వు ఇవ్వలేదు. ఇంట్లో ఉండండి, గుమిగూడకండి అన్నారు తప్ప ఊరికి దడి కట్టమని ఎవరూ అనలేదు. పైగా అంబులెన్సుకూ బియ్యం బండికీ అడ్డమని పోలీసులే వచ్చి కొన్నిచోట్ల తీయించవలసి వచ్చింది. తీయించి వెళ్లాక మళ్లీ వేసిన ఊళ్లు కూడా ఉన్నాయి. సాధారణంగా ప్రభుత్వం ఒక మాట చెబితే అందులో సగం చేసి ఊరుకునే పల్లెలు, ఈసారి చెప్పినదానికి రెండింతలు చేశాయి. ఇది ఎందువల్ల జరిగిందో కొంచెం ఆలోచించవలసిన విషయమే.

ముసలివాళ్లనడిగితే ఇందులో వింతేమీ లేదంటారు. మశూచి రోజుల్లో అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంట్లో తాలింపు వేసేవారు కాదు. బయటివాళ్లు గడప తొక్కేవారు కాదు, ఆ ఇంటివాళ్లు మరొకరి ఇంటికి వెళ్లేవారు కాదు. కలరా వచ్చిందంటే ఊరంతా కలిసి గ్రామదేవతకు మొక్కి పొలిమేర కట్టేవారు. డాక్టరు చెప్పాడని కాదు, తహసీల్దారు కాగితం పంపాడనీ కాదు. ఊరు అనుకున్నది, చేసింది. దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదయింది. ఆ తరంవారు ఇంకా మన అరుగుల మీద ఉన్నారు. కనుక 2020లో పొలిమేరలో కంప వేసిన కుర్రాడికి ఆ పని తాత నుంచి వచ్చిందే.

ఇందుకు ఎదురుగా, సర్కారు తన బలంతో ఆంక్ష పెట్టినప్పుడు ఏమవుతుందో చెప్పే కథ ఒకటి ఉంది. బొంబాయి రాష్ట్రంలో ప్లేగు ప్రబలినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం చేసింది. నాలుగే నాలుగు సెక్షన్లున్న చిన్న చట్టం. పుణేలో దాన్ని అమలు జరిపే అధికారి రాండ్, సోల్జర్ల చేత ఇళ్లు సోదా చేయించాడు. రోగులను పట్టుకుపోయారు, సామాన్లు తగులబెట్టారు, వంటింట్లోకీ పూజగదిలోకీ బూట్లతో దూరారు. రోగుల్ని దాచుకోవడం మొదలయింది. చివరకు ఆ ఏడాది జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. అదే చట్టాన్ని 2020లో మళ్లీ బయటకు తీశారు. దానికి తోడు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, 144వ సెక్షన్, ఆజ్ఞ మీరినవారిపై అప్పటి శిక్షాస్మృతి 188వ సెక్షన్. వైద్య సిబ్బందిపై చెయ్యి చేసుకుంటే ఏడేళ్ల దాకా జైలు అని ఏప్రిల్ 22న ఆర్డినెన్సు కూడా తెచ్చారు.

పల్లెలో ఈ సెక్షన్ల నంబర్లు ఎవరికి తెలుసు? తారురోడ్డు మీద లాఠీ కనిపించేది. లోపలి ఊళ్లకు లాఠీ రాలేదు. వచ్చింది బియ్యం.

ఈ మాట కాస్త విడమరచి చెప్పాలి. మార్చి 29 నుంచి రేషన్ డిపోల వద్ద ఉచితంగా బియ్యం, కందిపప్పు ఇచ్చారు. డిపో ముందు సున్నంతో గుండ్రాలు గీశారు. ఒక్కొక్క గుండ్రంలో ఒక్కొక్కరు నిలబడాలి. మొదటి రోజు నిలబడ్డారు, రెండో రోజు మనుషులకు బదులు సంచులు నిలబడ్డాయి, మనుషులు వేపచెట్టు నీడన చేరి కబుర్లు చెప్పుకున్నారు. అది వేరే సంగతి. ఏప్రిల్ 4న రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వెయ్యి రూపాయలను వాలంటీర్లు గుమ్మం దగ్గరకు తెచ్చి చేతిలో పెట్టారు. జన్‌ధన్ ఖాతాలున్న ఆడవారికి కేంద్రం నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. ఈ మొత్తాలు చాలినవా అంటే చాలలేదు. కూలి పోయిన ఇంటికి వెయ్యి రూపాయలు ఎన్నాళ్లు వస్తాయి? అయినా గుమ్మంలోకి ఏదో వచ్చింది కాబట్టి గుమ్మం దాటకుండా ఉండమన్న మాటకు ఒక అర్థం వచ్చింది.

అది రాని చోట మాట చెల్లలేదు. ఉద్దానంలో అది జీడిపిక్కలు రాలే కాలం. రాలిన పిక్కను ఏరకుండా ఇంట్లో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? తెల్లవారకముందే తోటల్లోకి పోయారు. చోడి అంబలి తాగి పొలానికి వెళ్లేవాడికి మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం గురించి చెప్పనక్కరలేదు, చేలో దానికంటే ఎక్కువ దూరమే ఉంటుంది. ఏప్రిల్ 20 తరువాత పొలం పనులకూ ఉపాధి హామీ పనులకూ సడలింపు ఇచ్చారు. ఆ సడలింపు వచ్చేదాకా పొలం పనులన్నీ ఆగి ఉన్నాయని ఎవరైనా నమ్మితే వారు పల్లె చూడలేదన్నమాట.

మన జిల్లా వారికి బాగా గుర్తుండేది వేరావల్ సంగతి. శ్రీకాకుళం, విజయనగరం తీరగ్రామాల నుంచి ఏటా వేలమంది మత్స్యకారులు గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి వేటాడతారు. లాక్‌డౌన్ పడేసరికి వేట ఆగిపోయింది. రైళ్లు లేవు. హార్బరులో నిలిచిన బోట్లలోనే వంట, బోట్లలోనే పడక. ఇళ్లకు ఫోన్లు చేసి ఏడ్చినవారున్నారు. అక్కడ వారు ఆంక్షలను పాటించారనాలా, చిక్కుకుపోయారనాలా? ఏప్రిల్ నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం బస్సులు ఏర్పాటు చేసి రప్పించింది. దేశం ఆ చివరి నుంచి ఈ చివరకు, రోజుల తరబడి ప్రయాణం. వచ్చినవారిని నేరుగా ఇళ్లకు పంపలేదు, క్వారంటైన్ కేంద్రాల్లో ఉంచారు.

అయితే వారు వస్తున్నారన్న కబురు వినగానే కొన్ని ఊళ్లలో భయం మొదలయింది. మార్చిలో కంప వేసినది ఎవరో తెలియని బాటసారి కోసం. మేలో ఆ కంప అవతల నిలబడబోయేది సొంత అన్నదమ్ములు. హైదరాబాదులో భవన నిర్మాణానికి పోయినవారు, చెన్నైలో హోటళ్లలో పనిచేసేవారు, అందరూ మూటలతో తిరిగి వస్తున్నారు. వలస మీద బతికే జిల్లా మనది. పంపిన డబ్బు కావాలి, మనిషి మాత్రం 14 రోజులు ఆగాలి. ఆగడానికి చోటేది?

ఇక్కడ ఇచ్ఛాపురం దాటి ఒక అడుగు అవతల ఏమి జరిగిందో చూడాలి. సూరత్ నుంచి వేలాదిగా తిరిగి వచ్చే తమ గంజాం వలసకూలీల కోసం ఒరిస్సా ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లోనే సర్పంచులకు తమ పంచాయతీ హద్దుల్లో కలెక్టరు అధికారాలు ఇచ్చింది. స్కూలు భవనాల్లో బస, భోజనం పెట్టి, గడువు పూర్తిచేసినవారికి 2,000 రూపాయలు ఇస్తామంది. మన రాష్ట్రం కూడా క్వారంటైన్ ముగించిన పేదలకు 2,000 ప్రకటించింది. కాని అప్పుడు మనకు సర్పంచులే లేరు. వారి పదవీకాలం 2018 ఆగస్టులోనే ముగిసింది. 2020 మార్చిలో జరగవలసిన స్థానిక ఎన్నికలు ఈ కరోనా పేరుతోనే వాయిదా పడ్డాయి. ప్రత్యేకాధికారులు, కార్యదర్శులు, వాలంటీర్లు నడిపారు. వాలంటీరు పెన్షన్ ఇవ్వగలిగేవాడు, పేర్లు రాసుకోగలిగేవాడు. అయితే ఊరి పెద్దలతో, “ఈ కంప తీయండి, వచ్చినవాడు మనవాడే” అని గట్టిగా చెప్పగల గొంతు వాలంటీరు కుర్రాడికి ఎక్కడిది?

మే 4న మద్యం దుకాణాలు తెరిచారు. ఆరు వారాలు ఇల్లు కదలనివారు ఆ ఒక్కరోజు మైలు పొడవున బారులు తీరారు. ధర మొదట 25 శాతం, మర్నాడు మరో 50 శాతం పెంచినా బారు తగ్గలేదు. విశాఖ జిల్లాలో ఆ బారులను అదుపు చేయడానికి బడిపంతుళ్లకు డ్యూటీ వేశారు. పాఠం చెప్పే బడి మూసి ఉంది కదా, ఖాళీగా ఎందుకని కాబోలు! గుడి మూసి, బడి మూసి, ఇది తెరిచాక, ఇంట్లో ఉండండి అనే మాట బరువు సగానికి సగం తగ్గిపోయిందని చెప్పక తప్పదు.

పెళ్లికి 50 మంది, చావుకు 20 మంది అన్నారు. పెళ్లిళ్లు చాలామంది వాయిదా వేసుకున్నారు, కొందరు తెల్లవారుజామునే ఇంటి వాకిట్లో కానిచ్చారు. చావును వాయిదా వేయలేరు. జూన్ నెలాఖరున పలాసలో చనిపోయిన ఒక వృద్ధుని శవాన్ని, కరోనా అనే భయంతో, మట్టి తవ్వే జేసీబీలో వేసి శ్మశానానికి తరలించారు. ఆ దృశ్యం దేశమంతా చూసింది. అందుకు మునిసిపల్ కమిషనర్ సస్పెండ్ అయ్యారు. అధికారుల తప్పు సరే, శవం దగ్గరకు రావడానికి మనుషులే భయపడ్డ రోజులవి. నలుగురు మోయాలని మనం అనుకునే పాడెను ఇనుప యంత్రం మోసింది.

తరువాత సంవత్సరం సంగతి అందరికీ తెలిసిందే. 2021 జనవరి, ఫిబ్రవరి నాటికి కంప పొయ్యిలోకి పోయింది. మాస్కు గడ్డం కిందకు జారింది, తువ్వాలు మళ్లీ భుజం మీదకెక్కింది. ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఏడాది క్రితం గుమిగూడవద్దని చెప్పినవారే ఓటుకు రమ్మన్నారు, జనం వచ్చారు. విందులయ్యాయి, ఊరేగింపులయ్యాయి. ఏప్రిల్‌లో రెండో విడత జబ్బు పడింది. మే 5 నుంచి మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ. ఆ నెల నడిమికి రాష్ట్రంలో రోజుకు 20 వేలకు పైగా కేసులు వచ్చాయి. అంతకు ముందు, ఏప్రిల్ ఆఖరులో, మన జిల్లాలోనే అంబులెన్సు దొరకక ఒక తల్లి శవాన్ని ఇద్దరి నడుమ మోటారు సైకిలు మీద కూర్చోబెట్టి ఇంటికి తీసుకుపోయారు.

జబ్బు ఊళ్లో లేనప్పుడు వేసిన కంప, ఊళ్లోకి వచ్చాక వేయలేదు. అది పూర్తిగా నిజం కూడా కాదు. కొన్నిచోట్ల చెట్టు నరకకుండానే కంప పడింది.

మే మొదటి రోజుల్లో బయటకొచ్చిన వీడియో చాలామంది చూసే ఉంటారు. దూరాన పట్నంలో పనిచేసుకొనే మనిషి జబ్బుతో సొంతూరికి, మన జిల్లాకే వచ్చాడు. ఊరివారు లోపలికి రానివ్వలేదు. ఊరి బయట పొలంలో పాక. అందులో నేల మీద పడి ఉన్నాడు. కూతురు నీళ్ల సీసా పట్టుకొని పోబోతుంటే తల్లి చెయ్యి పట్టి వెనక్కు లాగుతున్నది, భర్త పోతున్నాడని తెలిసీ, బిడ్డ కూడా పోతుందేమోనని. ఆ పిల్ల విడిపించుకొని వెళ్లి తండ్రి నోట్లో నీళ్లు పోసింది. కొద్దిసేపటికి అతను చనిపోయాడు.

ఆ ఊరివారు దుర్మార్గులని రాయడం తేలిక. ఏడాది క్రితం కంప వేసినందుకు పల్లెలను మెచ్చుకొని ఫోటోలు వేసింది కూడా పత్రికలే. మశూచి నాటి ఊరు గుమ్మానికి వేపమండ కట్టింది గాని, రోగిని గుమ్మం బయట పెట్టలేదు. రోగి లోపలే ఉండేవాడు. మందు లేకపోయినా మజ్జిగ పోసే చెయ్యి ఒకటి ఉండేది. ఒకసారి జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రాదని తెలుసు కనుక వారినే రోగి దగ్గర ఉంచేవారు. 2021లో కూడా అలా జబ్బు తగ్గినవారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. పాక దగ్గరకు రోజుకు రెండుసార్లు వెళ్లి గంజి, నీళ్లు పెట్టి, ఆశా కార్యకర్తకు కబురు చేయడానికి వారిలో ఒకరిని నియమించడం ఏ ఊరికైనా ఒక పూట పని. అప్పటికి సర్పంచులు కూడా ఎన్నికయి ఉన్నారు.

ఇప్పుడు కర్ఫ్యూ లేదు, కంప లేదు. పంచాయతీ ఆఫీసుల్లో అప్పటి క్వారంటైన్ రిజిస్టర్లు ఉంటే ఉండవచ్చు. ఎవరు ఏ తేదీన వచ్చారు, ఏ బడిలో ఉన్నారు, వారికి అన్నం ఎవరు వండారు అన్నది వాటిలో ఉంటుంది. చెదలు పట్టకముందే గ్రామసభలో ఒకసారి చదివించుకుంటే, ఎవరిని ఎక్కడ ఉంచాలో, కుండెడు నీళ్లు ఎవరు మోయాలో ముందే రాసి పెట్టుకోవచ్చు.