ఐస్‌లాండ్ గుర్రం: ఐదు నడకలు, ఒక కొలత

ఐస్‌లాండ్ గుర్రాల ప్రదర్శనల్లో ఒక సరదా పోటీ ఉంటుంది. రౌతు ఒక చేత్తో పగ్గాలు, ఇంకో చేత్తో నిండా బీరు పోసిన గ్లాసు పట్టుకుని మైదానం చుట్టి రావాలి. చివరికి ఎవరి గ్లాసులో ఎక్కువ మిగిలితే వాళ్లు గెలిచినట్టు. గుర్రం మంచి జోరు మీద ఉంటుంది, మెడ ఎత్తి, జూలు ఎగరేస్తూ సాగిపోతుంటుంది. గ్లాసులో బీరు మాత్రం అంచు దాటదు. టోల్ట్ అనే నడకను చూపించే పోటీ ఇది. అయితే చూసేవాళ్ల కళ్లన్నీ గ్లాసు మీదే ఉంటాయి. అసలు సంగతి ఆ గ్లాసుకు మనిషెత్తు కింద, గిట్టలు నేలను తాకే వరసలో ఉంది. కాస్త ఓపిగ్గా చూస్తే దాన్ని ఎవరైనా పోల్చుకోవచ్చు.

మామూలు గుర్రానికి మూడు నడకలు: నడక, ట్రాట్, దౌడు. ఐస్‌లాండ్ గుర్రాలు చాలావాటికి వీటితోపాటు టోల్ట్ కూడా పుట్టుకతోనే వస్తుంది. కొన్నింటికి స్కేయిద్ అనే ఐదోది కూడా ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని పేస్ అంటారు. నాలుగు వచ్చినవాటిని నాలుగు నడకల గుర్రాలనీ, ఐదూ వచ్చినవాటిని ఐదు నడకల గుర్రాలనీ అక్కడ విడదీసి చెబుతారు. ఇది పొట్టి జాతి. మూపు దగ్గర ఎత్తు సుమారు 130 నుంచి 145 సెంటీమీటర్లు. అయినా దీన్ని పోనీ అంటే ఐస్‌లాండ్ వాళ్లు ఒప్పుకోరు. పెద్దమనిషిని వీపున మోస్తూ కొండలు, వాగులు దాటే జంతువును గుర్రం అనక ఏమంటారు?

ఈ ఐదింటినీ ఒకదాన్నుంచి ఒకటి వేరుచేయడం ఎలా? పుస్తకాల్లో సాధారణంగా పేర్లు, బొమ్మలు, వర్ణనలు ఉంటాయి. చదివేటప్పుడు అంతా తేటగానే ఉంటుంది, గుర్రం కళ్లముందు పరిగెత్తగానే అన్నీ కలగాపులగం అవుతాయి. అమెరికాలో మిల్టన్ హిల్డెబ్రాండ్ అనే జంతుశాస్త్రవేత్త 1965లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం ఈ చిక్కును విప్పింది. ఆయన అడిగిన ప్రశ్నలు రెండే. ఒక అడుగుచుట్టులో ఒక్కో కాలు ఎంతసేపు నేల మీద ఉంటోంది? ఒక పక్క వెనకకాలు నేల తాకాక, అదే పక్క ముందుకాలు చుట్టులో ఎంత భాగం గడిచాక తాకుతోంది? రెండో ప్రశ్నకు వచ్చే అంకె ఒక్కటి పట్టుకుంటే చాలు, సగం పని అయిపోతుంది.

పేస్‌లో ఒకే పక్కనున్న రెండు కాళ్లూ జంటగా కదులుతాయి. వెనక ఎడమకాలు, ముందు ఎడమకాలు దాదాపు ఒకేసారి దిగుతాయి కాబట్టి ఆ అంకె సున్నాకు దగ్గర. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్లు జంట కడతాయి. వెనక ఎడమతో ముందు కుడి దిగుతుంది, ముందు ఎడమ సగం చుట్టు గడిచాక గానీ దిగదు. అంటే 50 శాతం. ఈ రెండు కొసలకు సరిగ్గా నడిమధ్య, 25 శాతం దగ్గర టోల్ట్ ఉంది. అక్కడ ఏ కాలికీ జంట లేదు. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి అనే వరసలో నాలుగూ విడివిడిగా, సమానమైన ఎడంతో దిగుతాయి.

చెవితో పోల్చడం ఇంకా తేలిక. మన సంగీతం, నాట్యం విన్నవాళ్లకు ఇది మరీ సులువు. గట్టి నేల మీద టోల్ట్ వినిపించేది తకధిమి. నాలుగు దెబ్బలు, నాలుగింటి మధ్యా ఒకే ఎడం. తాపీ దౌడులో తకిట వినిపిస్తుంది, మూడు దెబ్బల తర్వాత చిన్న విరామం ఉంటుంది. గుర్రం నాలుగు కాళ్లూ గాల్లో ఉన్న క్షణమే ఆ విరామం. ట్రాట్‌లోనూ పేస్‌లోనూ వినబడేవి రెండే దెబ్బలు కాబట్టి చెవికి అవి ఒకలాగే తోస్తాయి. అక్కడ కళ్లతో చూడక తప్పదు. మామూలు నడక కూడా తకధిమే, అయితే విలంబంలో. అవును, నడకలోనూ టోల్ట్‌లోనూ కాళ్ల వరస ఒక్కటే. టోల్ట్ అంటే నడకను ద్రుతంలో వేయడమా అని ఇక్కడ అనుమానం రావాలి. రావడం మంచిదే, జవాబు చాలా ఆసక్తికరమైనది.

నడకలో ఏ క్షణం చూసినా గుర్రం రెండు కాళ్ల మీదో, మూడు కాళ్ల మీదో నిలబడి ఉంటుంది. ఒక్కో కాలు చుట్టులో సగం కంటే ఎక్కువసేపు నేల మీదే ఉంటుంది. టోల్ట్ వేగం అందుకున్నాక ఒక కాలు, రెండు కాళ్లు, ఒక కాలు, రెండు కాళ్లు, ఇలా మారుతూ పోతుంది ఆధారం. నెమ్మది టోల్ట్‌లో క్షణకాలం మూడు ఆనవచ్చు. వేగం పెరిగితే ముందుకాళ్లు రెండూనో, వెనకకాళ్లు రెండూనో గాల్లో ఉండే క్షణాలు వస్తాయి. కానీ నాలుగూ ఒకేసారి నేల విడవవు. రౌతుకు కుదుపు తెలియకపోవడానికి మూలం ఇదే. ట్రాట్‌లో ఒక్కో చుట్టుకు రెండుసార్లు గుర్రం గాల్లోకి లేచి దిగుతుంది, జీను మీద మనిషీ దానితోపాటే లేచి పడతాడు. టోల్ట్‌లో ఆ లేవడం, పడడం లేదు.

అంతమాత్రాన అది నడక అయిపోదు. నడకలో శరీరం బిగిసిన కాలి మీదుగా ఒరుగుతూ ముందుకు పోతుంది. శరీరం పైకి లేచినప్పుడు వేగం కాస్త తగ్గుతుంది, కిందికి దిగేటప్పుడు పెరుగుతుంది. ఎత్తు, వేగం ఒకదానికొకటి శక్తిని ఇచ్చిపుచ్చుకుంటాయి. పరుగులో ఈ లావాదేవీ ఉండదు. ఎత్తూ వేగమూ రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి, కాళ్లు స్ప్రింగుల్లా పనిచేస్తాయి. గుర్రాల కాళ్లు నేలను ఎంత బలంగా నొక్కుతున్నాయో కొలిచి చూస్తే టోల్ట్ రెండో కోవలోకే వచ్చింది. అడుగుల వరస నడకది, శక్తి లెక్క పరుగుది. నాలుగు కాళ్లూ గాల్లోకి లేస్తేనే పరుగు అనే పాత నిర్వచనం ఇక్కడ చెల్లదు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి, దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ ఒక క్షణం నేల విడుస్తాయని ఫొటోలతో తేల్చాడు. అప్పటినుంచీ అందరి దృష్టీ ఆ గాలి క్షణం మీదే నిలిచింది. అది లేకుండానే ఒక జంతువు గంటకు 30 కిలోమీటర్ల వేగం అందుకోగలదని ఐస్‌లాండ్ పొలాల్లో మనుషులు వందల ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు.

ఇవాళ ఈ కొలత తీయడానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఫోన్ చాలు. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌తో గుర్రాన్ని పక్కనుంచి తీయాలి. ఎదురుగా నిలబడి తీస్తే కాళ్లు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. తర్వాత ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ వెనక ఎడమకాలు నేల తాకిన ఫ్రేమును గుర్తుపెట్టుకోవాలి. మళ్లీ అదే కాలు నేల తాకేవరకు ఎన్ని ఫ్రేములు గడిచాయో లెక్కపెట్టాలి. 120 అనుకుందాం, అంటే చుట్టుకు అర సెకను. ఈ మధ్యలో ముందు ఎడమకాలు 30వ ఫ్రేములో దిగితే 25 శాతం, శుభ్రమైన టోల్ట్. 60వ ఫ్రేములో దిగితే ట్రాట్. ఐదారు ఫ్రేముల్లోపే దిగిపోతే పేస్. లెక్కకు కూర్చునే ముందు ఒకటి సరిచూసుకోవాలి: వెనకకాళ్లు రెండూ సమానమైన ఎడంతో దిగుతున్నాయా? లేకపోతే అది దౌడు. దౌడులో కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉండవు కాబట్టి ఈ అంకె దానికి పనికిరాదు.

పేస్ గురించి ఒక మాట ఎక్కువే చెప్పాలి. స్కేయిద్‌ను ఐస్‌లాండ్‌లో ఎగిరే నడక అంటారు. 100 నుంచి 250 మీటర్ల పొట్టి పందేలకే దాన్ని వాడతారు, దూరప్రయాణానికి కాదు. వేగం గంటకు 48 కిలోమీటర్ల దాకా పోతుంది. ఒక పక్క కాళ్లు రెండూ కలిసి నేలను తన్ని, గుర్రం గాల్లో తేలి, రెండో పక్క కాళ్ల మీద దిగుతుంది. కళ్లకు రెండు దెబ్బల్లా కనిపించినా, స్లో మోషన్‌లో చూస్తే వెనకకాలు వెంట్రుకవాసి ముందు దిగుతుంది. అందుకే ఐదారు ఫ్రేములన్నాను, సున్నా అనలేదు. మంచి పేస్ గుర్రం పూర్తి వేగంలో పోతుంటే పొట్ట నేలకు దగ్గరై, శరీరం బారుగా సాగినట్టు ఉంటుంది. టోల్ట్ నాజూకైనదే, కాదనను. కానీ ఐస్‌లాండ్ గుర్రం సత్తా చూడాలంటే పేస్ పందెమే చూడాలి.

అంకె 25కూ 50కీ మధ్య, లేదా 25కూ సున్నాకూ మధ్య పడితే? ఎక్కువ గుర్రాలు రోజూ నడిచేది ఈ మధ్య జాగాల్లోనే. పేస్, టోల్ట్, ట్రాట్ అంటే మూడు గదులు కావు, ఒకే గీత మీద మనం గుర్తుకోసం పెట్టుకున్న చుక్కలు. టోల్ట్ ఆ గీతకు నడుమ ఉంది కాబట్టి రెండు వైపులకూ జారుతుంది. అలసిన గుర్రం, వీపు బిగబట్టిన గుర్రం, రౌతు తొందరపెట్టిన గుర్రం ఒకే పక్క కాళ్లను దగ్గర చేసుకుంటుంది. అప్పుడు అంకె 15కో 10కో పడిపోతుంది, తకధిమిలో దెబ్బలు రెండేసి జంటలుగా వినిపిస్తాయి. నెమ్మదిగా పోతూ పూర్తిగా పేస్‌లోకి జారితే దాన్ని పందినడక అని తీసిపారేస్తారు. పేస్ వేగంగా ఉంటేనే అందం. నెమ్మదిస్తే రౌతు ఇటూ అటూ ఊగిపోతాడు, గుర్రం వీపుకూ మంచిది కాదు. ఇంకోవైపు జారితే ట్రాట్ ఛాయలు వచ్చి కుదుపు మొదలవుతుంది. పోటీల్లో న్యాయనిర్ణేతలు మొదట వెతికేది దెబ్బల సమానతనే. వేగం, కాలెత్తు, ఠీవి ఆ తర్వాతి మాట. కాళ్లు ఎంత ఎత్తున లేపినా తాళం తప్పితే అది మంచి టోల్ట్ కాదు.

ఈ జారుడంతటికీ మూలం వెన్నుపాములో ఉంది. స్వీడన్‌లో ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన లీఫ్ ఆండర్సన్, క్లాస్ కులాండర్ బృందాలు 2012లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించాయి. 40 ఐదు నడకల గుర్రాల, 30 నాలుగు నడకల గుర్రాల జన్యువులను పోల్చి చూస్తే తేడా డీఎంఆర్‌టీ3 అనే ఒకే జన్యువు దగ్గర తేలింది. అందులో ఒకే ఒక్క అక్షరం మారడంతో ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. ఈ జన్యువు పనిచేసేది వెన్నుపాములోని కొన్ని నాడీకణాల్లో. కుడి ఎడమ కాళ్లనూ, ముందు వెనక కాళ్లనూ ఒక పొందికలో ఉంచే అల్లికలో అవి భాగం. చిట్టెలుకల్లో ఈ జన్యువును తీసేసి చూస్తే అడుగుల పొందిక మారింది, వేగంగా పరిగెత్తడం కష్టమైంది. గుర్రంలో ఆ పట్టు సడలడంవల్లే మూలల జంట తప్పనిసరి కాకుండా పోయింది, పక్క కాళ్లను కలిపే దారి తెరుచుకుంది. చెడిపోయిన జన్యువు ఒక జంతువుకు కొత్త విద్య నేర్పిందంటే మొదట విన్నప్పుడు నమ్మబుద్ధి కాదు. అయినా ఐస్‌లాండ్ పచ్చికబయళ్లలో తల్లి వెంట టోల్ట్‌లో పోయే పిల్ల గుర్రాలకు ఎవరూ శిక్షణ ఇచ్చి ఉండరు.

ఈ మార్పు పుట్టింది మాత్రం ఐస్‌లాండ్‌లో కాకపోవచ్చు. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రాచీన గుర్రాల ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి వెతికింది. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో దొరికిన, క్రీ.శ. 850-900 నాటి గుర్రాల్లో అది కనిపించింది. 9-11 శతాబ్దాల ఐస్‌లాండ్ గుర్రాల్లో విరివిగా ఉంది. అదే కాలపు స్కాండినేవియా గుర్రాల్లో మాత్రం కనిపించలేదు. నార్వే నుంచి బయల్దేరిన వైకింగులు బ్రిటన్ దీవుల్లో ఇలాంటి గుర్రాలను సంపాదించి ఓడల్లో ఐస్‌లాండ్ తీసుకుపోయారని పరిశోధకులు అంటున్నారు. బండి నడిచే బాటలు లేని లావా నేలల్లో రోజంతా జీను మీదే ఉండాల్సిన మనుషులు కుదపని గుర్రాన్నే ఎంచుకుని పెంచి ఉంటారు. బయటి గుర్రాలు ఆ దీవికి రాకుండా 10వ శతాబ్దం చివర్లోనే అక్కడి సభ ఆల్‌తింగ్ కట్టడి చేసిందని చెబుతారు. ఇప్పటికీ దేశం దాటిన గుర్రం తిరిగి రావడానికి లేదు. ప్రపంచ పోటీలకు తీసుకువెళ్లిన గుర్రాన్ని గెలిచినా సరే అక్కడే ఎవరికో అప్పగించి రౌతు ఒంటరిగా ఇంటికి రావాలి.

కుదపని నడక ఐస్‌లాండ్ సొత్తేమీ కాదు. పెరూ పాసో గుర్రాలకు ఉంది, అమెరికాలో టెనెసీ గుర్రాలకు ఉంది. మన రాజస్థాన్ మార్వాడీ, గుజరాత్ కాఠియావాడీ గుర్రాలు నడిచే రేవాల్ కూడా ఈ కోవలోదే. మన అమరకోశం గుర్రపు నడకలు ఐదని చెప్పి వాటికి ధారలని పేరు పెట్టింది. గుర్రం అడుగుల తేడాలను మనవాళ్లూ అంత శ్రద్ధగా గమనించారన్నమాట.

మళ్లీ ఐస్‌లాండ్ గుర్రానికి వస్తే, దాన్ని పెంచేవాళ్లకు డీఎంఆర్‌టీ3 గురించిన పరిజ్ఞానం రోజూ అక్కరకొచ్చేదే. ఆ జన్యువు మారిన ప్రతులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే పేస్ వచ్చే అవకాశం ఉంది. వచ్చి తీరుతుందని మాత్రం లేదు. ఒక్క ప్రతి ఉన్న గుర్రం సాధారణంగా నాలుగు నడకలతో ఆగుతుంది. అలాంటి రెండింటిని జతకడితే నాలుగు పిల్లల్లో ఒకటికి మారిన ప్రతి అసలే రాకపోవచ్చు, అప్పుడు మంచి టోల్ట్ రావడం కష్టం. అలాగని అన్నింటికీ రెండు ప్రతులూ ఉండేలా పెంచుదామంటే ఇంకో చిక్కు. ఒక్క ప్రతి ఉన్నవాటికే ట్రాట్, దౌడు తేటగా వస్తాయని ఐస్‌లాండ్ గుర్రాలకిచ్చిన మార్కులను పరిశీలించినప్పుడు తేలింది. రెండు ప్రతులున్న గుర్రం టోల్ట్‌లో ఉన్నా పేస్ వైపు లాగుతుంటుంది. దాన్ని 25 దగ్గర నిలబెట్టాలంటే రౌతు నడుముకూ చేతికీ అనుభవం కావాలి. అందుకే స్వారీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదట నాలుగు నడకల గుర్రాన్నే ఇవ్వమంటారు.