కాలువకు సొంత నీరుండదు

తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలై కర్నూలు నుంచి కడప వరకు సాగే కె.సి. కాలువకు సొంత నీరంటూ లేదు. పైనుంచి వస్తేనే అది కిందికి ఇవ్వగలదు. రాని ఏడాది చివరి ఆయకట్టు రైతే ముందుగా నష్టపోతాడు. దైవసేవకులమైన మన సంగతీ అంతే. మన ప్రార్థన ఎండిపోతే ఆ కరువు మొదట తాకేది సంఘంలోని బలహీనులనే!

ఆదివారం వేదికపై మన ప్రార్థన ధారాళంగానే సాగుతుంది. ఏళ్ల తరబడి అలవాటైన మాటలు కదా! ఆరాధన ముగిశాక ఒక రైతు దగ్గరికొచ్చి, ‘మూడో బోరూ ఎండిపోయింది అయ్యగారూ, అప్పులోళ్లు ఇంటికొస్తున్నారు, ప్రార్థన చేయండి’ అంటాడు. ‘తప్పకుండా చేస్తాం’ అంటాం. వీధి మలుపు తిరిగేలోగా మరచిపోతాం. మనలో ఈ తప్పు చేయనివారెవరు?

జనం స్వస్థత కోసం గుంపులుగా వస్తున్నప్పుడే యేసుప్రభువు అరణ్యానికి వెళ్లి ప్రార్థించేవాడని లూకా సువార్త 5వ అధ్యాయం చెబుతోంది. పని ఒత్తిడి ప్రభువుకు సాకు కాలేదు. ఆదిమ సంఘంలో విధవరాండ్రకు ఆహారం పంచే విషయమై సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు ఆ బాధ్యతను ఏడుగురు నమ్మకస్థులకు అప్పగించి, తాము ప్రార్థనకూ వాక్యపరిచర్యకూ అంకితమయ్యారు (అపొ.కా. 6). మనమైతే సంఘ పెద్దలు చేయగల పనులన్నీ నెత్తిన వేసుకుని, మనం మాత్రమే చేయాల్సిన దాన్ని వదిలేస్తున్నాం.

మనకు తూర్పున ఉన్న ఒంగోలులో ఇందుకు గొప్ప సాక్ష్యముంది. తెలుగు మిషన్‌ను మూసేయాలా అని అమెరికా బాప్టిస్టులు చర్చించిన రోజులవి. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు, మరో ముగ్గురు విశ్వాసులు కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని మొరపెట్టారు. జాన్ క్లౌ అక్కడికి చేరింది 1866లో! 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నాటి అయిదుగురి మొర ఆ కోతకు విత్తనమైంది.

ఒక చిన్న పుస్తకం తెరుద్దాం. ప్రార్థన అడిగినవారి పేర్లు అందులో రాసుకుందాం. తెల్లవారాక ఫోన్ ముట్టుకోకముందే ఆ పేర్లతో మోకరిద్దాం. వచ్చే ఆదివారం ఆ రైతు మళ్లీ ఎదురైతే, ‘చేస్తాం’ అని కాదు, ‘రోజూ నీ పేరు ప్రభువుకు చెబుతున్నాం, బోరు సంగతి ఏమైంది?’ అని మనమే ముందుగా అడుగుదాం.