వీఆర్ ఆటకు రూటర్: వేగం కన్నా వేళ ముఖ్యం

ఇంట్లో 300 మెగాబిట్ల ఫైబర్ కనెక్షన్ ఉంది. కంప్యూటర్‌లో ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉంది. మానిటర్ మీద ఆట ఏ తడబాటూ లేకుండా సాగుతోంది. అదే ఆటను వై-ఫై ద్వారా వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌కు పంపగానే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. తల తిప్పితే అంచున నల్లటి పట్టీ కనిపిస్తుంది. పది నిమిషాలకు కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఈ దశలో చాలామంది ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకుంటారు, లేదా ఎనిమిది యాంటెన్నాల ‘గేమింగ్’ రూటర్ కొంటారు. మొదటిది దాదాపు పూర్తిగా వృథా ఖర్చు. రెండోది చాలాసార్లు వృథా ఖర్చు.

ఆట నడిచేది ఇంట్లోని కంప్యూటర్‌లోనే. అది గీసిన దృశ్యం రూటర్‌కు, అక్కడి నుంచి హెడ్‌సెట్‌కు చేరుతుంది. ఆ వీడియో గడప దాటి బయటకు పోదు. మెటా సంస్థ 2021లో తెచ్చిన ఎయిర్ లింక్, క్వెస్ట్ హెడ్‌సెట్ల కోసం వాల్వ్ సంస్థ 2023 చివర్లో విడుదల చేసిన స్టీమ్ లింక్ ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. ఎక్కడో ఉన్న స్నేహితులతో కలిసి ఆడాలంటే ఇంటర్నెట్ కావాలి కానీ, అందుకు సాధారణ ప్లాన్ సరిపోతుంది.

మరి ఇంట్లోనే తిరిగే ఈ వీడియో ఎంత పెద్దది? క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి 2064×2208 పిక్సెళ్ల తెర ఉంటుంది. రెండు కళ్లకూ కలిపి 91 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లు, సెకనుకు 90 ఫ్రేములు చొప్పున లెక్కవేస్తే సెకనుకు సుమారు 20 గిగాబిట్లు. ఇంట్లో వాడే ఏ వై-ఫై కూడా దీన్ని ఉన్నదున్నట్టు మోయలేదు. అందుకే గ్రాఫిక్స్ కార్డు ఆ దృశ్యాన్ని వందో వంతుకు అటూ ఇటూగా కుదించి, సెకనుకు 150 నుంచి 200 మెగాబిట్ల వీడియోగా మారుస్తుంది. ఈ అంకె చూడగానే ‘ఇంతేనా, మా రూటర్ మీద 3000 అని రాసి ఉంది కదా’ అనిపించడం సహజం.

చిక్కు వేగంలో లేదు, వేళలో ఉంది. సెకనుకు 90 ఫ్రేములంటే ప్రతి 11 మిల్లీసెకన్లకూ కొత్త ఫ్రేము రావాలి. సినిమా చూసేటప్పుడు యాప్ కొన్ని సెకన్ల వీడియోను ముందే తెచ్చి దాచుకుంటుంది కాబట్టి మధ్యలో వై-ఫై అర సెకను ఆగినా తెలియదు. వీఆర్‌లో దాచుకోవడానికి ఏమీ ఉండదు. ఆడేవారు తల ఎటు తిప్పుతారో, చెయ్యి ఎటు విసురుతారో ముందే తెలియదు కదా. ఆలస్యంగా వచ్చిన ఫ్రేము ముహూర్తం దాటాక వచ్చిన పురోహితుడితో సమానం.

తల కదిలిన క్షణానికీ, ఆ కదలిక కంటి ముందు కనిపించిన క్షణానికీ మధ్య 20 మిల్లీసెకన్లకు మించి ఉండకూడదని వీఆర్ రంగంలో పేరున్న ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ 2013లోనే వాదించారు. దృశ్యాన్ని కుదించి, గాలిలో పంపి, మళ్లీ విప్పేసరికి వైర్‌లెస్ పద్ధతిలో ఆ గడువు సాధారణంగా దాటిపోతుంది. హెడ్‌సెట్ ఇక్కడొక ఉపాయం చేస్తుంది. చివరగా అందిన ఫ్రేమును తల తాజాగా తిరిగిన కోణానికి తగ్గట్టు తానే కాస్త జరిపి చూపిస్తుంది. ఫ్రేములు క్రమం తప్పకుండా వస్తున్నంత వరకు ఈ సర్దుబాటు బాగానే పనిచేస్తుంది. రెండు మూడు ఫ్రేములు రాకపోతే జరపడానికి బొమ్మ చాలక అంచున నల్లటి పట్టీ బయటపడుతుంది. ఒక పక్క లోపలి చెవి తల తిరిగిందని చెబుతుంటే, కన్ను ఇంకో మాట చెబుతుంది. కడుపులో తిప్పడానికి కారణం ఈ పొంతన లేకపోవడమే.

ఫ్రేములు ఎందుకు ఆలస్యమవుతాయో తెలియాలంటే వై-ఫై మర్యాద తెలియాలి. ఒకే ఛానల్‌లో ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడగలదు. మిగతావి వింటూ ఉండాలి. గాలి ఖాళీ అయ్యాక కూడా యాదృచ్ఛికంగా కొంతసేపు ఆగి, అప్పుడు మొదలుపెట్టాలి. 200 మెగాబిట్ల వీడియోలో ఒక ఫ్రేము 22 లక్షల బిట్లు ఉంటుంది. నిజంగా అందే వేగం 800 మెగాబిట్లయితే అది మూడు మిల్లీసెకన్లలోపే వెళ్లిపోతుంది. వేగం 250కి పడిపోతే అదే ఫ్రేముకు దాదాపు తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 11లో మిగిలేది రెండే. ఆ రెండింటిలో పక్క గదిలోని ఫోన్ ఏదైనా డౌన్‌లోడ్ మొదలుపెట్టిందంటే సరి. అదీ గోడ అవతల సిగ్నల్ సరిగా అందని పాత ఫోనైతే ఇంకా కష్టం. అది చెప్పేది కొంచెమే అయినా నత్తనడకన చెబుతూ అందరి సమయాన్నీ తినేస్తుంది. అపార్ట్‌మెంట్లలో పొరుగింటి రూటర్ అదే ఛానల్‌లో ఉంటే దానితోనూ ఇదే తంతు.

అందుకే మొదటి నియమం: కంప్యూటర్ రూటర్‌కు కేబుల్‌తోనే కలవాలి. కంప్యూటర్ కూడా వై-ఫై మీదే ఉంటే ప్రతి ఫ్రేమూ అదే గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి. వైర్ లేని మెష్ పరికరాలతోనూ ఇదే ఇబ్బంది వస్తుంది. కేబుల్ వేసేవారు కూడా తరచూ పడే గోతి ఒకటుంది. మార్కెట్లో చవకగా దొరికే ‘డ్యూయల్ బ్యాండ్’ రూటర్లు కొన్నింటికి వెనక ఉండే పోర్టుల వేగం 100 మెగాబిట్లే. 150 మెగాబిట్ల వీడియో అందులో పట్టదు. పెట్టె మీద ‘గిగాబిట్’ అనో, ‘10/100/1000’ అనో ఉందా అన్నది యాంటెన్నాల కన్నా ముందు చూడాల్సిన సంగతి.

ఇక పెట్టె మీది పెద్ద అంకె. ‘ఏఎక్స్ 3000’ అంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 2402 మెగాబిట్లు కలిపి గుండుగా చెప్పిన మొత్తం. హెడ్‌సెట్ వీడియోను అందుకునేది ఒక బ్యాండ్‌లోనే. పైగా ఆ 2402 రావాలంటే ఛానల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ ఉండాలి. మామూలుగా వాడే 80లో అది 1201కి తగ్గుతుంది. అదీ కాగితం మీద. ఎనిమిది యాంటెన్నాల సంగతీ అంతే. హెడ్‌సెట్ రెండు ధారల్లోనే మాట్లాడుతుంది కాబట్టి మిగతా యాంటెన్నాల వల్ల దానికి దక్కే లాభం స్వల్పం. గిగాబిట్ పోర్టులున్న మామూలు వై-ఫై 6 రూటర్ ఈ పనికి చాలు.

2.4 గిగాహెర్ట్జ్ వైపు చూడనే వద్దు. అందులో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అక్కడే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో మన దేశం 2018లో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్స్ లేకుండా వాడుకునే వీలు కల్పించింది. అందులో 36 నుంచి 48 వరకూ, 149 నుంచి 161 వరకూ ఉన్న ఛానళ్లు అనుకూలమైనవి. మధ్యలోని ఛానళ్లను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ వినబడితే రూటర్ ఆట మధ్యలోనే ఛానల్ మారిపోతుంది. 6 గిగాహెర్ట్జ్ వీటన్నిటికన్నా ప్రశాంతం. 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న కింది భాగాన్ని ఇళ్లలో తక్కువ శక్తితో లైసెన్స్ లేకుండా వాడుకునేందుకు కేంద్రం 2025 మే నెలలో ముసాయిదా నియమాలు ప్రకటించింది. 160 మెగాహెర్ట్జ్ ఛానళ్లు అందులో మూడు పడతాయి. కానీ విదేశం నుంచి తెప్పించుకున్న వై-ఫై 6ఈ రూటర్ ఇక్కడ ఆ బ్యాండ్‌ను తెరుస్తుందన్న భరోసా లేదు. దేశంలో అమ్మే మోడల్‌లో అది పనిచేస్తోందా అన్నది ముందే చూసుకోవాలి.

తరంగాలకు గోడలంటే పడదు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు మరింతగా అడ్డుపడతాయి. మనిషి శరీరంలోని నీరు కూడా వాటిని పీల్చుకుంటుంది. ఆడేవారు వెనక్కి తిరిగితే వారే అడ్డుగోడ అవుతారు. రూటర్ ఆడే గదిలోనే, తల కన్నా ఎత్తులో, ఏ అల్మారా మీదో ఉంటే మంచిది.

ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఫైబర్ పెట్టెను తీసేయనక్కర్లేదు. కొత్త రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చి దానికి కేబుల్‌తో కలిపి, వేరే పేరూ వేరే పాస్‌వర్డూ పెట్టి, హెడ్‌సెట్ ఒక్కదాన్నే ఎక్కించాలి. ఇంట్లోవాళ్ల ఫోన్లు, టీవీ పాత పెట్టె మీదే, వేరే ఛానల్‌లో ఉంటాయి. వాల్వ్ 2025 నవంబరులో ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ హెడ్‌సెట్‌లో ఈ ఆలోచననే ఇంకో మెట్టు ఎక్కించారు. కంప్యూటర్‌కు తగిలించే ఒక చిన్న డాంగిల్ 6 గిగాహెర్ట్జ్‌లో నేరుగా హెడ్‌సెట్‌తోనే మాట్లాడుతుంది. ఇంటి వై-ఫై కోసం హెడ్‌సెట్‌లో వేరే రేడియో ఉంటుంది.

డబ్బు పెట్టే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయవచ్చు. కంప్యూటర్‌ను పాత రూటర్‌కే కేబుల్‌తో కలిపి, దాన్ని ఆడే గదిలోకి తెచ్చి, ఇంట్లోని ఫోన్లన్నిటి వై-ఫై ఆపేసి, పొరుగువాళ్లు నిద్రపోయాక పది నిమిషాలు ఆడాలి. అప్పుడు ఆట సాఫీగా సాగితే లోపం రూటర్‌ది కాదు, రద్దీది. ఛానల్ మార్చి చూడటం, హెడ్‌సెట్‌కు చవకైన రెండో రూటర్ పెట్టడం అప్పుడు సరిపోతాయి. అప్పటికీ తడబడితే ముందుగా పోర్టు వేగం, తర్వాత గ్రాఫిక్స్ కార్డు మీది భారం చూడాలి. ఫ్రేము గీయడానికే 11 మిల్లీసెకన్లు చాలని కంప్యూటర్‌ను ఏ రూటరూ ఆదుకోలేదు.