మీకు తెలుసా? నోరు తెరిచిన రాక్షస ముఖం

• ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వచ్చింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, మాటలతోనే సాహసకథ నడిపే ఆట ఇది. కథ నడిపించేవారిని ‘డంజియన్ మాస్టర్’ అంటారు.

• ప్రతిసారీ కొత్త కథ అల్లడం అందరివల్లా కాదు. అందుకే పటాలు, రాక్షసులు, ఉచ్చులు, నిధులతో సహా సిద్ధంగా అచ్చేసిన సాహసాలు వచ్చాయి. వీటినే ‘మాడ్యూల్స్’ అంటారు.

• వాటిలో బాగా పేరుమోసింది ‘టూమ్ ఆఫ్ హారర్స్’. ఈ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ రాసిన దీన్ని 1975లో ‘ఆరిజిన్స్’ ఆటల సదస్సులో పోటీగా ఆడించారు. టీఎస్‌ఆర్ సంస్థ 1978లో అచ్చువేసింది.

• ఇందులో కత్తికన్నా బుర్రకే పని ఎక్కువ. కథ జరిగే సమాధిలోని నడవా చివర గోడమీద ఆకుపచ్చ రాక్షస ముఖం నోరు తెరుచుకుని ఉంటుంది. దారి కాబోలనుకుని దూరితే ఆటగాడి పాత్ర మటుమాయం!

• ఆటగాళ్లకు చూపించడానికి బొమ్మల పుస్తకం విడిగా ఇచ్చారు. ఆధారాలు కొన్ని ఆ బొమ్మల్లోనే పసిగట్టాలి.

• ఆడబోయేవాళ్లు మాత్రం మాడ్యూల్‌ను ముందే చదవకూడదు. చదివితే ఆట మజా పోయినట్టే!